ఎత్తద్దన్న ఫోను

నాకు మొదాలు సంది ఆ ఫోనంటే మంటనే. ఇప్పుడంటే అందరి చేతులల్ల పలకలంత ఫోన్లున్నయ్ గని, పరుశురాం దాన్ని సెకండ్‌హాండ్‌ల కొనుకొచ్చిన దినం బిల్డింగు బిల్డింగంత వాళ్ల అర్రల నిండింది. సబ్బుబిళ్లంత గూడ లేదు. "గింతదాంట్ల మనిషి గొంతెట్ల పడ్తదిరా" అన్న. "అందరిది పడ్తదక్కా, నీదొక్కటే పట్టది" అన్నడు. అసుంటి నోరు వానిది. వానితోని కొట్లాడుదామన్నా నవ్వొస్తుండె.

మేము సిరిసిల్ల దిక్కు పద్మశాలోళ్లం. సూరత్‌ల ఉన్ అనే బస్తీల పక్కపక్క అర్రలల్ల ఉంటుంటిమి. పరుశురాం సచిన్ అనే ఏరియాల బట్ట నేసే మోటరు సాంచలు నడుపుతుండె. సాంచల మోతల ఫోన్ మోగితే ఇనరాదు. జేబుల వణికినా తెల్వది, ఆడ నేలనే వణుకుతది. గందుకే ఫోన్ ఇంట్ల, పెండ్లాం వినోద కాడ పెట్టిండు. ఆమె చీరె ముక్కతోని చిన్న సంచి కుట్టి మెడలేసుకున్నది. సిగ్నల్ కిటికీ కాడ తప్ప దొరుకకపోతుండె, కూరగాయలు కోసుడు, బట్టలు మడ్త పెట్టుడు అన్నీ ఆన్నే. అయిదు నంబరు రబ్బరు అరిగిపోయి గోరుతోని గట్టిగ వత్తాల్సి వస్తుండె. బిల్డింగుల ఉన్నోళ్లంత ఊర్లె తమ మనుషులకు గదే నంబరిచ్చిండ్రు. నేను గూడ ఇచ్చిన, అబద్ధమెందుకు.

కొన్న దినమే పరుశురాం ఒక కాయిదా, ఒక రూలు పెట్టిండు. ఖార్ఖాన పక్కన పాన్ దుకానం కాడ రూపాయి బిళ్ల ఏసి మాట్లాడే డబ్బా ఫోన్ ఉంటుండె. అవతల ఎత్తితే బిళ్ల లోపల పడ్తది, ఎత్తకపోతే వాపస్ వస్తది. పని దిగంగనే ఆయన గా డబ్బాలకెళ్లి మోగిస్తడు. వినోద ఎత్తద్దు, కట్ చెయ్యాలె. కట్ అయ్యిందంటే ఆమె చూసిందని ఆయనకు తెలుస్తది. ఆయన బయలెల్లిండని ఆమె పొయ్యి ముట్టిస్తది. తొవ్వల ఏ డబ్బాలకెళ్లి చేసినా, ఏ నంబరొచ్చినా అదే లెక్క. "మాటలు ఇంటికొచ్చినంక ఫుకట్‌ల చెప్త గదా" అంటుండె. ఆయనను చూసి బిల్డింగంత గట్లనే నేర్చింది. మా దిక్కు ఫోనంటే కట్ చేసేదే గని ఎత్తేది కాదు.

ఆ దినం పగటీలి నేను వినోద అర్రల కూసోని బియ్యంల రాళ్లు ఏరుతున్న. ఫోన్ మోగింది. "ఇయ్యాల జల్దిగ దిగిండు" అని ఆమె కట్ చేసింది. మళ్ల మోగింది, మళ్ల కట్ చేసింది. "బిళ్ల ఇర్కిందో ఏమో" అని నవ్వింది. ఇంకోపారి మోగంగనే చిరాకు వడ్డది. "పనీ పాటా లేదు గీనెకు, సతాయిస్తుండు" అని మళ్ల కట్ చేసింది.

"ఒక్కపారి ఎత్తరాదు పిల్లా" అన్న.

"ఎత్తితే ఇంటికొచ్చి నన్నే అంటడు, నీకేంది" అన్నది.

మళ్ల మోగింది. నాకు కోపమొచ్చి ఆమె మెడల సంచి గుంజి నేనే ఎత్తిన.

పరుశురాం పక్క సాంచల మీద చేసే అంబదాస్. "కనకక్కా, అన్న అంగి మోటరు బెల్టుల వడి మనిషిని గుంజుకపోయింది. సర్కార్ దవాఖానల ఉన్నం. వదిననే అడుగుతుండు, జల్ది తోల్కరా" అన్నడు. అంతట్లనే లైన్ తెగింది.

చేతికి దెబ్బ తాకిందట అని చెప్పి వినోదను ఆటోల ఎక్కించిన. తొవ్వ పొడుగూత ఆ ఆటోవాణ్ని నేను తిట్టని తిట్టు లేదు. మేము పొయ్యేవరకు పరుశురాం మొఖం మీద బట్ట కప్పి ఉన్నది.

వినోద ఏడ్వలే. నేల మీద కూలవడి నా కొంగు పట్టుకొని ఒక్కటే అడిగింది. "అక్కా, నేను కట్ చేసినప్పుడు ఆయన పానంతోని ఉండెనా?"

"లేదు పిల్లా. సాంచ కాన్నే పోయిండు. అంబదాస్ ఖబర్ చెప్పనీకి చేసిండు. నీతోని అనబుద్ధి గాక దెబ్బ అన్న."

"ఒట్టు?"

"నీ మీదొట్టు" అన్న. అప్పుడు గొంతిడిసి ఏడ్చింది. నేను తప్పు చేసిన అనుకోను. పానంతోని ఉండెనని చెప్తే ఆ పిల్ల బతుకుతుండెనా?

దినాల నాడు అంబదాస్ వచ్చిండు. లోపలికి పోకముందే మెట్ల కాడ ఆపి, నేను ఏం చెప్పిన్నో చెప్పిన. "అడిగితే నువ్వు గూడ గదే చెప్పాలె" అన్న. అతని మొఖం నల్లవడ్డది.

"గట్లెట్లనక్కా? నాకు మాట అప్పజెప్పి పోయిండు. నేను డబ్బా కాడికి ఉరుకుడు, మంచం కాడికి ఉరుకుడు. పోయినప్పుడల్లా వస్తుందా అని అడుగుతుండె. నాకు సోయి లేక, వదిన కట్ చేస్తుందన్న. గంత నొప్పిల గూడ నవ్విండు. 'దాన్నేమనకుండ్రి, ఎత్తద్దని నేనే చెప్పిన. దాని తప్పేం లేదు. గీ మాట దానికి చెప్పు' అన్నడు. మళ్ల నోరు తెరువలే."

వినోద నా ఒట్టును సగమే నమ్మింది. గిన్ని దినాలు ఎవ్వల మొఖం చూడలే, ఫోన్ కట్ చేసిన బొటనేలును చూసుకుంట కూసుంటుండె. ఆ పిల్లకు ఈ లోకంల కావాల్సింది గా ఒక్క మాటనే. గని అది చెప్పాల్నంటే, మొగడు మంచం మీద పండి తొవ్వ చూస్తుంటే తను కట్ చేసిందని గూడ చెప్పాలె. ఒకటి ఇచ్చి ఒకటి దాసుడు నా వశం గాలే.

"ఇప్పుడొద్దురా" అన్న.

"మరెప్పుడక్కా?"

మా గొంతులు ఇని వినోదనే తలుపు కాడికొచ్చింది. గోడ వట్టుకొని నిలవడ్డది. మొగడు పోయినంక మొదటిపారి ఒకల కండ్లల్లకు చూసి మాట్లాడింది.

"తమ్మీ, ఆయన కాడ ఉన్నది నువ్వే గదా. ఆఖరుకు నాకేమన్న చెప్పుమన్నడా?"

అంబదాస్ నా దిక్కు చూసిండు. నేను తల అడ్డంగ ఊపిన.

"ఏమనలే వదినా" అన్నడు.