నిద్ర ఇంకిన దుప్పట్లు

రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా కుట్టక్క ఆసుపత్రి బట్టల గదిలో కుట్టుమిషను ముందు కూలబడేది. ఉతికొచ్చిన దుప్పట్ల మూట విప్పి, ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూసేది. మధ్యలో పలచబడ్డదాన్ని నిలువునా చీల్చి, గట్టిగా ఉన్న అంచుల్ని మధ్యకి తెచ్చి కలిపి కుట్టేది. అదీ పోతే దిండు గలీబులు, అవీ నలిగితే పసిపిల్లలకి పొత్తిగుడ్డలు. ఇరవై రెండేళ్లుగా ఇదే చాకిరీ. మోకాళ్లు అరిగిపోయాయి, మెడ పట్టేసింది.

ఆ పాత దుప్పట్లలో నిద్ర ఉండేది. ఎందరో పడుకుని లేచిన బట్ట కదా, తలా కాస్త అందులో ఇంకిపోయింది. ఉతికినా పోయేది కాదు. పొత్తిగుడ్డలో చుట్టగానే పిల్లలు ఏడుపు మానేవాళ్లు. మడతలు పెట్టే ఆయా మొహాన నీళ్లు చల్లుకుంటూ పని చేసుకునేది.

కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు గారికి మాత్రం, ఆ నిద్ర సంగతి విన్నా కూడా, ఆ అతుకులు చూస్తే నామోషీగా ఉండేది.

"నిద్రకి మాత్రలున్నాయి కదమ్మా," అన్నారాయన. "పాతవన్నీ చెత్త బట్టీలో వేయించెయ్, కొత్తవి తెప్పిస్తున్నాం. నెలాఖరుకి గది ఖాళీ చేసి, నువ్వు చీట్లు రాసే చోటికి వెళ్లు."

కుట్టక్క వాదించలేదు. అంత ఓపిక లేదు. మిషను తొక్కే బాధ తప్పుతుందిలే అని కూడా అనుకుంది.

చెత్త కాల్చే బట్టీ మండింది. పొగ గొట్టం పక్కన గోడ మీద కాకులు కునికిపాట్లు పడ్డాయి. బట్టీ బాబాయి పార పట్టుకుని నిలబడే గుర్రు పెట్టాడు. వార్డుల్లో మాత్రం కొత్త దుప్పట్ల మీద ఎవరికీ కన్ను మూతపడలేదు.

నాలుగో రోజు పెద్ద సిస్టరమ్మ వచ్చి స్టూలు మీద కూలబడింది. ఆమె కళ్లు గుంటలు పడ్డాయి.

"అక్కా, ఏడో మంచం మీద తాపీమేస్త్రి ఉన్నాడే, మాత్ర వేసినా రెప్ప వాల్చట్లేదు. బీపీ దిగట్లేదని కాలి ఆపరేషను రెండుసార్లు ఆపేశారు. రేపు దాటితే కాలు దక్కదట. ఒక్క పాతదైనా మిగిలిందా?"

"నా దగ్గరేముంది సిస్టరమ్మా, అన్నీ పట్టుకుపోయారు."

అనేసిందే గానీ కూర్చోబుద్ధి కాలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి, బట్టీ దాకా నడిచింది.

"బాబాయ్, ఇంకేమైనా ఉన్నాయా?"

"ఇదే ఆఖరి మూట," అన్నాడతను ఆవలిస్తూ. "పట్టుకుపో తల్లీ. ఇంత నిద్రా గాలికి పోతుంటే చూడలేక చస్తున్నా."

మూట నిండా చీలికలే, సవ్యమైన దుప్పటి ఒక్కటీ లేదు. ఆమె వాటిని అరచేతంత ముక్కలు చేసి, కొత్త దుప్పట్లకి తల ఆనే చోట ఒక్కోటి వేసి కుట్టింది. మధ్యమధ్య తనకే తల వాలిపోతుంటే, సిస్టరమ్మ పక్కన కూర్చుని భుజం తడుతూ ఉంది.

మధ్యాహ్నం మొదటి దుప్పటి మేస్త్రికి పరిచారు. "ఏంటమ్మా ఈ అతు..." అంటూనే ఆయన నోరు తెరుచుకుని నిద్రపోయాడు. సాయంత్రానికి బీపీ దిగింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషను అయింది. కాలు దక్కింది.

సూపరింటెండెంటు గారు వచ్చి, వార్డంతా పడుకుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగారు. "బట్టీకి ఇక బట్టలు పంపకండి," అన్నారు గొంతు తగ్గించి. "ఆవిడకి ఓ మనిషిని సాయం ఇవ్వండి."

ఇంటికెళ్లే రోజు మేస్త్రి కర్ర ఊతంతో బట్టల గది దాకా వచ్చాడు.

"చెల్లెమ్మా, ఆ ముక్క నాకిచ్చెయ్యవూ?"

కుట్టక్క తల అడ్డంగా ఊపింది. "నువ్వు పడుకున్న పది రోజుల నిద్రా అందులో చేరింది అన్నయ్యా. అది తరవాతొచ్చేవాడికి."

మేస్త్రి కర్ర సర్దుకున్నాడు.

"ఆ మాటేదో ముందే చెబితే, ఇంకో పూట పడుకునేవాణ్ని కదమ్మా," అన్నాడు.