డాక్టరమ్మగారి మల్బరీ చెట్టు

చెట్టు నిలుస్తుందో పడుతుందో నేను ఇట్టే చెప్పేస్తాను. గొప్పకి చెప్పుకోవడం కాదు, ఊళ్ళో ఎవర్నడిగినా ఇదే మాట అంటారు. కొయ్య సుత్తి పట్టుకుని మాను చుట్టూ కొట్టుకుంటూ వెళ్తాను. లోపల కలప గట్టిగా ఉంటే ఖంగున పలుకుతుంది. డొల్లయితే దబ్బుమని మొద్దు చప్పుడొస్తుంది. ముప్ఫై రెండేళ్ళుగా నా మాట మీద ఎన్నో చెట్లు నిలిచాయి, కొన్ని పడ్డాయి. జనం నన్ను చెట్ల మేస్త్రీ అంటారు. చెట్ల డాక్టరు అనమని నేనెవర్నీ అడగలేదు, ఎవరైనా అంటే మాత్రం కాదనను.

ఇంట్లో మాత్రం ఒక రగడ నడుస్తూనే ఉంది. నా చెవులు మందగించాయని మా ఆవిడ వాదన. "టీవీ మనం చూస్తున్నామా, వీధి మొత్తానికి చూపిస్తున్నామా?" అంటుంది. మోటారు రంపం పట్టినప్పుడల్లా చెవులకు చప్పుడాపే డిప్పలు పెట్టుకోమని, నాతో పాటే చెట్ల పని చేసే మా అమ్మాయి నాలుగేళ్ళుగా పోరుతోంది. తను పెట్టుకుంటుంది. నేను పెట్టుకోను. చెవులు మూసుకుంటే చెట్టు మాట ఎలా వినపడుతుంది? అదీ నా వాదన. చెవుల వైద్యుడి దగ్గరికి వెళ్దామని ఎవరైనా అంటే ఆ పూట అన్నం మానేసి కూర్చునేవాణ్ణి.

పోయిన నెలలో పళ్ళ డాక్టరమ్మ కబురు చేసింది. ముందు గదుల్లో ఆసుపత్రి, వెనక గదుల్లో కాపురం. ఇంటికీ వీధికీ మధ్య నిలువెత్తు కంచె మొక్కల వరస, దాని పక్కనే పెద్ద మల్బరీ చెట్టు. పంటినొప్పితో వచ్చినవాళ్ళు దాని కింద బెంచీ మీద దవడ పట్టుకుని కూర్చుంటారు. ఆ చెట్టు కొమ్మ ఒకటి ఎండిపోయి సరిగ్గా ఆసుపత్రి కప్పు మీద వేలాడుతోంది. ఆ రోజు అమ్మాయికి వేరే పని ఉండి నేనొక్కణ్ణే వెళ్ళాను. మాను చుట్టూ కొట్టాను. ఎక్కడ కొట్టినా దబ్బుమనే పలికింది.

"మొత్తం డొల్లే డాక్టరమ్మగారూ. కొట్టేయాల్సిందే," అన్నాను.

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. "ఒక పన్ను పుచ్చిందని దవడంతా పీకేయం కదండీ?"

"నోట్లో సంగతి మీరు చూసుకోండి. చెట్టు సంగతి నాకు వదిలేయండి," అన్నాను. అలా అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాను.

అనుకున్న రోజు పొద్దున్నే నేనూ అమ్మాయీ వ్యానులో దిగాం. డాక్టరమ్మ ఆ పూట పేషెంట్లనెవర్నీ రావద్దని చెప్పి, బెంచీ లోపల పెట్టించి, గుమ్మంలో నిలబడి ఉంది. చావు ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడింది పాపం. నేను ముందు కంచె పని పట్టాను. పైన గీత గీసినట్టు తిన్నగా, కింద కాస్త వెడల్పుగా కత్తిరించాను. కంచె కత్తిరింపులో ఈ రోజుకీ నన్ను మించినవాడు లేడు. డాక్టరమ్మ కూడా అంత దిగుల్లోనూ "పలువరసలా ఉంది," అని మెచ్చుకుంది.

తర్వాత అమ్మాయి నడుముకి బెల్టు బిగించి చెట్టెక్కింది. మోకాళ్ళ మాట విని పోయినేడాది నుంచి నేను కిందే ఉంటున్నాను, తాడు నా చేతిలో ఉంటుంది. రంపం రొదలో మాటలు కుదరవు కాబట్టి మాది చేతుల భాష. వేలు పైకెత్తితే తాడు లాగమని. పిడికిలి బిగించి చూపిస్తే అన్నీ ఆపేయమని. పైనున్న మనిషి పిడికిలి చూపించాక కింద ఎంత మొనగాడున్నా నోరెత్తకూడదు. ఈ పద్ధతి పెట్టింది నేనే.

సగం ఎక్కి అమ్మాయి ఆగింది. నడుముకున్న సుత్తి తీసి మానును కొట్టింది. ఇంకాస్త కింద కొట్టింది. అవతలి పక్కకి తిరిగి మళ్ళీ కొట్టింది. చెప్పాను కదా తల్లీ, ఎందుకీ కాలయాపన అని లోలోపల విసుక్కుంటూ చూస్తున్నాను. అప్పుడు పిడికిలి చూపించింది.

నాకు భయం పట్టుకుంది. ఎందుకో దాచకుండా చెప్తాను. పోయినేడాది బేకరీ వెనక ఒక పెద్ద చెట్టుని ఇలాగే డొల్ల అని చెప్పి కొట్టించాను. కొట్టాక చూస్తే మొద్దు అంచు నుంచి నడిమి దాకా నిండుగా, బంగారంలా ఉంది. "వేళ్ళు పుచ్చి ఉంటాయిలే," అన్నాను. అమ్మాయి నా మొహం వంక చూసి, వెళ్ళి దుంగలు మోసింది. నేనూ ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాను.

అమ్మాయి కిందికి దిగొచ్చింది. వ్యానులోంచి బెజ్జం పెట్టే సన్నటి బర్మా తెచ్చి మానులోకి వేలెడు లోతు దింపింది. లోపల పుచ్చితే గోధుమరంగు పొడి రాలాలి. తాజా పసుపుపచ్చ పొట్టు రాలింది. నడిమి దాకా దింపింది. అదే పసుపు. డాక్టరమ్మ ఆ పొట్టుని అరచేతిలోకి తీసుకుని మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"చెట్టు గట్టిగానే ఉందండీ. ఎండిన కొమ్మ ఒక్కటి తీసేస్తే చాలు," అంది అమ్మాయి.

"మరి ఆ రోజు మేస్త్రీగారు మొత్తం డొల్లన్నారే?"

అమ్మాయి నా వైపు చూడలేదు. "ఆ ముందు రోజు వాన పడిందనుకుంటానండీ. తడిసిన చెట్టు మొద్దుగా పలుకుతుంది. అప్పుడప్పుడు ఎవరికైనా అలా జరుగుతుంది."

వాన లేదు, గీన లేదు. నా కూతురు నా కోసం, నా ఎదుటే, పరాయి మనిషికి అబద్ధం చెబుతోంది. అదీ తడుముకోకుండా. అంటే ఎన్నాళ్ళ నుంచో సిద్ధం చేసుకుని ఉందన్నమాట. పని నేర్పినవాణ్ణి నేను. అబద్ధం కూడా నా కోసమే నేర్చుకుంది. ఔనని తలూపితే అక్కడితో సరిపోయేది. నా పేరు నిలిచేది, పై నెల ఇంకో పెరట్లో ఇంకో మంచి చెట్టు నా మాట మీద కూలేది. నాకు ఒళ్ళు మండింది, అమ్మాయి మీద కాదు, నా మీద.

"వాన పడలేదు డాక్టరమ్మగారూ," అన్నాను. "చెట్టు సరిగ్గానే పలికింది. నా చెవులే పోయాయి. బేకరీ వెనక చెట్టు కూడా నేనే అన్యాయంగా కొట్టించాను."

అమ్మాయి "నాన్నా," అంది. దాని కళ్ళు నిండాయి. నా మాట మాత్రం తడబడలేదు. తప్పయినా ఒప్పయినా గట్టిగానే చెప్పడం నాకు అలవాటు.

"వైద్యుడికి చూపించుకున్నారా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ."

"ఎందుకని?"

"లాభం లేదు, కొట్టేయాల్సిందే అంటాడని."

ఆవిడ నవ్వేసింది. లోపలికెళ్ళి చీటీ మీద చెవుల వైద్యుడి పేరు రాసి, నాకివ్వకుండా అమ్మాయి చేతిలో పెట్టింది. తెలివైన మనిషి. "మీరు కొట్టేయమంటే సరేనన్నాను కదండీ, ఆయన చూస్తానంటే మీరూ సరేననండి," అంది.

నా సుత్తి అమ్మాయికిచ్చేశాను. "ఇక నుంచి చెట్టు చూసేది నువ్వు, తీర్పు చెప్పేది నువ్వు. కంచెలు మాత్రం నావి," అన్నాను. అది సుత్తిని బెల్టులో దోపుకుని, మొహం తుడుచుకుని, మళ్ళీ పైకెక్కింది. ఎండిన కొమ్మకి తాడు కట్టి, ఆకుల సందులోంచి నాతో ఏదో అంది. పెదాలు కదలడం కనిపించింది. ఇదివరకైతే అర్థమైనట్టు చెయ్యూపి, తోచినట్టు తాడు లాగేవాణ్ణి.

"వినపడలేదమ్మా! మళ్ళీ చెప్పు!" అని వీధంతా వినపడేలా అరిచాను.

అమ్మాయి కొమ్మల మధ్య నుంచి బాగా కిందికి వంగి, నోటికి రెండు వైపులా చేతులు పెట్టుకుని, నిదానంగా మళ్ళీ చెప్పింది.