సోమనర్సయ్య చుట్టబట్ట

వాల్వు తిప్పి, పైపులో నీళ్లు గురగురమని బయల్దేరిన చప్పుడు విన్నాకే సోమనర్సయ్య బీడీ వెలిగించాడు. నది నుంచి వచ్చే నల్లానీళ్లు ఊళ్లోకి వదిలేది ఆయనే. వాటిలో క్లోరిన్ కలిపేదీ ఆయనే కాబట్టి, రఘునాథపల్లి పక్కనున్న ఆ ఊళ్లో ఎవరి చాయ రుచి చెడినా తిట్లు నేరుగా ఆయనకే చేరేవి.

ఆయన మెడ తిరగదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే బీరువాను జరిపినట్టు మనిషి మొత్తం తిరగాలి. నడుమూ అంతే. చిన్ననాటి నుంచి తాగిన బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుందని జనగామ దవాఖానలో చెప్పారు. ఇంకొకరైతే నీళ్లను తిట్టుకుంటూ మంచం ఎక్కేవారు. ఈయన శిక్షణకు పోయి నీళ్లు పరీక్షించే పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. గాజు గొట్టంలో నీళ్లు పోయడం, మందుచుక్కలు వేయడం, రంగు చూడటం. ఇక పెళ్లికి పిలిచినా ఆ పెట్టెతోనే పోయేవాడు. ఒకసారి వియ్యంకుడి గ్లాసులో చుక్కలు వేసినందుకు బంతిభోజనాలే ఆలస్యమయ్యాయి.

అంగన్‌వాడీ ముందున్న బోరింగుకు తాగొద్దని ఎర్రరంగు పూసిందీ ఆయనే. అయినా ఆయా ఈదమ్మ ఆ నీళ్లతోనే పిల్లలకు పప్పు వండేది. ఆ నీళ్లకు పప్పు వెన్నలా ఉడుకుతుంది. పైగా నల్లా వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది. ఈదమ్మ మోకాళ్లు అంతకంటే ముందే ఆగిపోయాయి.

చెప్పి చెప్పి అలిసిపోయి, ఈ పొద్దు ఆయనే బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయాడు. భుజం మీది తువ్వాలును మెలిపెట్టి, కొస దోపి, చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకున్నాడు.

“మామా, కొంగు కప్పుకునుడు మరిచినవ్,” అంది నల్లా దగ్గరున్న పుష్పలత, నిండిన బిందె ఎత్తి ఆయన నెత్తిన పెడుతూ.

“నవ్వుండ్రి. మీ మెడలు ఊగుతయి, నీళ్లు ఒలుకుతయి. నాది కరెంటు స్తంభం.”

నిజంగానే దారిలో ఒక్క చుక్క ఒలకలేదు.

అంగన్‌వాడీ గడపలో బియ్యం చెరుగుతున్న ఈదమ్మ చూసింది. “ఏంది మరిదీ, కొత్త కోడలి లెక్క వస్తున్నవ్?”

“జర దించు వదినా. గీ నీళ్లతోని వండు.”

“గా మందువాసన నీళ్లకు పప్పు ఉడకదు. గ్యాస్ అయిపోతే నువ్వు తెస్తవా?”

“మూత తీసి పెట్టు, వాసన పోతది. పప్పు రాత్రే నానబొయ్యి.”

“నీకు వంట సుత నేర్పిన్రా ఆ ట్రైనింగుల?”

ఆయన పిల్లలను వాకిట్లోకి పిలిచాడు. మట్టికుప్ప మీద చెంబెడు నీళ్లు పోసి, గుట్ట మీది వాన వాగులోకి ఎట్లా పోతుందో, కొంత లోపలికి ఇంకి రాళ్ల సందుల్లో ఎట్లా నిలుస్తుందో చూపించాడు. తర్వాత ఎప్పటి ఆటే, పిల్లల ఎముకలు బిగుసుకుంటున్నాయేమో చూసే పరీక్ష. వంగి కాలివేళ్లు ముట్టుకోవాలి. గదుమ రొమ్ముకు ఆనించాలి. చేతులు మెడ వెనక కలపాలి. పిల్లలు అన్నీ చేసేసి, “తాతా, ఇగ నువ్వు!” అని అరిచారు. ఆయన మూడింట్లోనూ ఓడిపోయాడు. వాళ్లు పడీపడీ నవ్వారు, వాళ్లకంటే ఎక్కువ ఆయన నవ్వాడు.

సుష్మిత అనే చిన్నది మాత్రం నవ్వలేదు. “తాతా, చిన్నప్పుడు వంగేటోనివా?”

“మస్తు వంగేటోణ్ణి బిడ్డా. గా బోరింగు కాడనే వంగి, దోసిలి పట్టి తాగేటోణ్ణి.”

ఈదమ్మ చేతిలో చేట ఆగింది. కాసేపు ఎర్రబోరింగు వైపు, దాని పక్కన గెంతుతున్న పిల్లల వైపు చూసింది. లేచి పోయి, ఒక గిన్నెలో పప్పు కొలిచి పెట్టుకుంది.

“రేపటికి నానబోస్త. నీ కోసం గాదు, ఊకె చూస్త.”

“గట్లనే చూడు. తువ్వాలు ఈడనే ఉండనియ్యి, రేపు మల్ల బిందె తేవాలె,” అని చుట్టబట్టను కిటికీలో పెట్టి ఇంటికి పోయాడు.

సాయంత్రం నల్లాలు రాలేదు. తిడదామని వెళ్లినవాళ్లకు ఆయన మంచం మీద కనిపించాడు. పగలు అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ఎప్పటిలాగే నిటారుగా ఉన్నాడు కాబట్టి, నిద్ర కాదని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

మర్నాడు, శవం లేవకముందే ఈదమ్మ అంగన్‌వాడీ తెరిచింది. పిల్లలకు ఆకలి ఆగదు కదా. నానిన పప్పును బిందెలోని నీళ్లతోనే పొయ్యి మీద పెట్టింది. తర్వాత ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నలిపింది.

“ఉడికింది మరిదీ,” అంది, ఎవరూ లేని వంటింట్లో.

అంత్యక్రియలయ్యాక పంచాయతీవాళ్లెవరో వాల్వు తిప్పారు. ఈదమ్మ ఖాళీ బిందె పట్టుకుని కుంటుకుంటూ మలుపు దాకా పోయింది. పుష్పలత ఆమె చేతిలోంచి బిందె అందుకుంది. అప్పటినుంచి తల్లులే వంతులేసుకుని తెస్తున్నారు. ఆ తువ్వాలును మాత్రం ఎవరూ విప్పలేదు. బిందె దించగానే అది మళ్లీ కిటికీలోకే చేరుతుంది, తడితడిగా, గుండ్రంగా, ఆయన దోపిన కొస దోపినట్టే.