సీసాలో సాలీడు

మరీబా ఊరు దాటాక మామిడి తోటల మధ్య ఉండేది నెరీడా వాళ్ళ ఇల్లు. ఆమె భర్త క్లెమ్‌కి పక్షవాతం వచ్చి మెడ కింద ఏదీ కదిలేది కాదు. మాట కూడా పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. వారానికి మూడు రోజులు నేను నర్సుగా వెళ్ళేదాన్ని. అక్షరాల అట్ట మీద నేను వేలు జరుపుతూ పోతే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప వేసేవాడు. కాదనడానికి రెండుసార్లు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, నారింజ రంగు రెక్కల కందిరీగ ఒకటి అరచేతంత సాలీడును కుట్టి, వరండాలో ఆయన కాళ్ళ ముందు నుంచే ఈడ్చుకుపోతోంది. మధ్యలో సన్నటి పురుగు ఒకటి ఎగిరొచ్చి సాలీడు మీద క్షణం వాలి పోయింది. ఈగ అనుకున్నాను. కందిరీగ మెట్ల పక్కన గుంట తవ్వి, సాలీడును లోపల పెట్టి పూడ్చేసింది.

క్లెమ్ చూపు అక్కడే నిలిచిపోయింది. అట్ట పట్టుకున్నాను. "తవ్వు" అన్నాడు.

"పదహారు నెలలుగా మంచినీళ్ళు కూడా అడగని మనిషికి ఇప్పుడు సాలీడు కావాలట" అంది నెరీడా, స్పూను తెచ్చిస్తూ.

సాలీడు బతికే ఉంది. ముట్టుకుంటే నోటి దగ్గర మాత్రం వణికింది. పొట్ట మీద తెల్లటి గుడ్డు. "తియ్" అన్నాడు క్లెమ్. పట్టకారుతో తీసి, సాలీడును జామ్ సీసాలో వేసి ఆయన ఎదురుగా పెట్టాను.

"ఇంకొకటి" అన్నాడు.

నెరీడా ఇంకో దిండు పెట్టింది. రెండుసార్లు రెప్ప వేశాడు.

"మరి ఇంకో కప్పు టీయా?"

మళ్ళీ రెండుసార్లు.

"ఈయనతో వేగడం నా వల్ల కాదు ఐలీన్" అంది నాతో. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

నాలుగో రోజు నేను కారు దిగేలోపే నెరీడా ఎదురొచ్చింది. "రా, రా, మనవాడు కాలు కదిపాడు." ఏ మనవాడో ఒక్క క్షణం అర్థం కాలేదు. సీసాలో సాలీడు ముందు కాళ్ళు మెల్లగా చాస్తోంది. ఆమె తడి దూది కూడా పెట్టింది. ఆ సాయంత్రం చాలాసేపు క్లెమ్ వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ, "ఏమైనా తెలుస్తోందా?" అని అడుగుతూ కూర్చుంది.

ఏడో రోజుకి సాలీడు మళ్ళీ బిగుసుకుపోయింది. పొట్ట అడుగున, అది ఊపిరి తీసుకునే చీలికలోంచి తెల్లటి పురుగు సగం బయటికొచ్చి, తల లోపలే ఉంచి తింటోంది. గుడ్డును నా చేత్తో నేనే తీశానే.

క్లెమ్ అక్షరాలు కూర్చాడు. "వాలిన చిన్నది ఇంకొకటి పెట్టింది. చెప్పానుగా."

నెరీడా సీసా పారేయబోయింది. ఆయన ఒప్పుకోలేదు. రోజంతా దాన్నే చూసేవాడు. "దానికి తెలుస్తోంది" అన్నాడొకసారి. మరో వారానికి సాలీడు వట్టి తొక్క అయింది. పురుగు గూడు కట్టుకుంది. జనవరి చివర్లో అందులోంచి సన్నటి కందిరీగ వచ్చింది. మూత తీయమన్నాడు. అది ఆయన మోకాలి మీద కాసేపు తిరిగింది. అది ఆనినట్టు ఆయనకి తెలిసే వీలు లేదు. చూస్తూ ఉన్నాడు, అంతే.

అప్పట్నుంచి స్నానం చేయించినప్పుడల్లా "వీపు చూడు" అనేవాడు. "ఏమీ లేదయ్యా" అనేది నెరీడా.

ఒకరోజు ఆమె ఊళ్ళోకి వెళ్ళింది. నేను ఆయన్ని పక్కకి తిప్పాను. ఎడమ భుజం ఎముక కింద బియ్యపు గింజంత ఎర్రటి మచ్చ. మంచాన పడ్డవాళ్ళ పుళ్ళు వందల్లో చూశాను. ఇది అలా లేదు. మందు రాసి, చొక్కా తొడిగి, "ఏమీ లేదు క్లెమ్" అన్నాను.

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. తర్వాత అట్ట వైపు చూశాడు.

"సరే" అన్నాడు.

మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు.