తొమ్మిదో పుల్ల

నేను ఒక చెక్క పలకను. జానెడు కంటే కాస్త పొడవు ఉంటాను. నా ఒంటి మీద మూడు వరసల్లో తొమ్మిది కన్నాలు, పక్కన పుల్లలు పోసుకోవడానికి గిన్నెలా చెక్కిన చోటు. కొత్తగా చూసినవాళ్ళు చిన్నపిల్లల ఆటవస్తువు అనుకుంటారు. నేను ఆటవస్తువును కాదు, పరీక్షను. నా ముందు కూర్చుని చెమటలు తుడుచుకున్న పెద్దవాళ్ళను చాలామందిని చూశాను.

నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. గిన్నెలోని పుల్లల్ని ఒక్కొక్కటిగా తీసి కన్నాల్లో పెట్టాలి. తొమ్మిదీ పెట్టాక మళ్ళీ ఒక్కొక్కటిగా తీసి గిన్నెలో వేయాలి. అంతా ఒకే చేత్తో. ఎదురుగా ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటారు. పక్షవాతం వచ్చినవాళ్ళు, వేళ్ళ నరాలు తెగి కుట్టించుకున్నవాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళ చెయ్యి ఎంతవరకు బాగుపడిందో ఆ సెకన్లు చెబుతాయని ఆసుపత్రివాళ్ళ నమ్మకం.

నన్ను చేసింది బ్రహ్మయ్యాచారి. నగరంలో ఆక్యుపేషనల్ థెరపీ నేర్పే కాలేజీ ఒకటుంది. దెబ్బతిన్న చేతులకి మళ్ళీ అన్నం కలుపుకోవడం, బొత్తాం పెట్టుకోవడం, రాయడం నేర్పే చదువు అది. ఆ కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఆచారి పనిచేసేవాడు. కన్నం ఎంత లోతు, పుల్ల ఎంత లావు, వరసకీ వరసకీ ఎంత ఎడం, అన్నీ కాగితం మీద రాసి ఇచ్చారు. అది చదివి ఆయన నవ్వాడు. పెళ్ళి మంచాలు చేయించుకునేవాళ్ళు కూడా ఇంత చాదస్తం చూపించలేదన్నాడు. పనిలో దిగాక మాత్రం నవ్వలేదు. తొమ్మిది పుల్లల్నీ ఒకే కర్రలోంచి తీశాడు. ఒక్కొక్కదాన్నీ కన్నంలో దింపి చూసి, రవ్వంత బిగిసినా పక్కన పారేశాడు.

నన్ను అప్పగించేటప్పుడు లెక్చరరమ్మని అడిగాడు. "ఇలాంటివి ఎన్ని ఊళ్ళలో ఉన్నా అన్నీ ఒకేలా ఉండాలంటున్నారు. మరి వీటి ముందు కూర్చునే మనుషులు ఒకేలా ఉంటారామ్మా?"

ఆమె నవ్వింది. అప్పుడు నాకూ అది హాస్యంగానే అనిపించింది.

నాతో పాటు ఒక అట్టముక్క ఉండేది. పరీక్షకు ముందు చెప్పవలసిన మాటలు దాని మీద రాసి ఉండేవి. ఎవరు వచ్చినా అవే మాటలు, అదే వరసలో చెప్పాలి. ఒక్కటి ఎక్కువ చెప్పకూడదు, తక్కువ చెప్పకూడదు. మధ్యలో సాయం చేయకూడదు, మెచ్చుకోకూడదు. కాలేజీలో నా మీద పని నేర్చుకున్న పిల్లల్లో రూతు అనే అమ్మాయికి ఆ మాటలు అందరికంటే ముందు కంఠతా వచ్చాయి. తర్వాత ఆమెకు ఒక జిల్లా ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆ కొత్త గదిలో సామాను ఏమీ లేదని కాలేజీవాళ్ళు నన్ను ఆమె చేతికిచ్చారు.

ఎక్స్‌రే గది దాటాక మూడో గది మాది. కిటికీలోంచి సైకిల్ స్టాండ్ కనిపిస్తుంది. నేను బల్ల మీద, కాకపోతే పెట్టెలో. ఈ రెండూ తప్ప వేరే చోటు ఎరగను. రోజుకి ఏడెనిమిది సార్లు రూతు మేడమ్ గొంతులో అవే మాటలు. "మొదలు అనగానే ఒక్కొక్కటిగా, ఒకే చేత్తో, మీకు వీలైనంత త్వరగా." పాపం ఆమెకైనా వేరే మాట అనాలనిపించేదేమో. పూలు కట్టే ఒకామె వచ్చింది. ఆమె వేళ్ళు మొగ్గల్ని నాలుగేసి చొప్పున ఏరుకునే వేళ్ళు. పుల్లల్ని కూడా నాలుగేసి తీసింది. అది తప్పు కింద లెక్క. ఒక పెద్దాయన ఎడం చేత్తో ముట్టనన్నాడు. ఆడమనిషి ఎదురుగా కూర్చుంటే ఎడం చెయ్యి చాపడం మర్యాద కాదట. కాగితం మీద ఆయన ఎడం చేతి గడి ఖాళీగా ఉండిపోయింది. వాళ్ళ చేతులకి ఏమేం వచ్చో నాకు తెలిసేది. కాగితానికి మాత్రం సెకన్లే తెలిసేవి. నేను నోరులేనిదాన్ని. నాకున్న భాష ఒక్క అంకె.

ఆరేళ్ళ కిందట ఒకరోజు ఒక తాతగారి చేతిలోంచి పుల్ల జారింది. దొర్లుకుంటూ వెళ్ళి గది మూల తూములో పడింది. రూతు మేడమ్ అప్పుడు టీకాల క్యాంపు పని మీద బయట ఉంది. ఆ తాతగారు తనంతట తానే చెయ్యి ఆడించుకుంటూ నాతో కాలక్షేపం చేస్తున్నాడు. ఆయన్ని అలా కూర్చోబెట్టింది అటెండర్ కూర్మారావు. మంచి మనిషి. గది ఊడ్చేటప్పుడు నా మీద దుమ్ము కూడా తన కండువాతో తుడిచేవాడు. పుల్ల విడిగా దొరకదు, మొత్తం పెట్టె తెప్పించాలి, దానికి కాగితాలు తిరిగి తిరిగి ఏడాది పడుతుంది, ఈలోగా మేడమ్‌కి మాట వస్తుంది. ఇదంతా ఆయనకి తెలుసు. ఆ సాయంత్రం పాత చీపురుకర్ర ముక్క తెచ్చి, బ్లేడుతో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ పూశాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, పక్కన పెడితే ఏది పాతదో ఏది కొత్తదో కంటికి తెలియదు.

కంటికి తెలియదు, నాకు తెలుసు. అది వెంట్రుకవాసి లావు. ఎండాకాలంలో సర్దుకుని దిగేది. వానలు పట్టాయంటే తేమకి ఉబ్బి, కన్నంలో సగం దిగి బిగుసుకునేది. అప్పుడు దాన్ని లాగడానికి మంచి చెయ్యి కూడా తడబడాల్సిందే. ఆ రోజు నుంచి నేను అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ నన్ను అనుమానించలేదు. వానాకాలంలో రోగుల సెకన్లు పెరుగుతున్నాయని రూతు మేడమ్ గమనించింది. చలిగాలికి కీళ్ళు బిగుస్తున్నాయని ఫైళ్ళలో రాసింది. నేను అరవాలనుకున్నాను. చెక్కకి అరుపు ఎక్కడుంది?

కార్తీక మాసంలో, తుపాను తర్వాత వారం, డిల్లేశ్వరి వచ్చింది. పదో తరగతి చదువుతోంది. ఎనిమిది నెలల కిందట గడ్డి కత్తిరించే మిషనులో కుడిచేతి రెండు వేళ్ళ నరాలు తెగాయి. పెద్దాసుపత్రిలో కలిపి కుట్టారు. తల్లి అప్పలకొండ చేతిలో బడి హెడ్‌మాస్టరు గారి ఉత్తరం ఉంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. పిల్ల చెయ్యి రాతకు పనికిరాదని ఆసుపత్రి రాసిస్తే స్క్రైబ్‌ని పెడతారు. అంటే డిల్లేశ్వరి జవాబులు చెబుతుంటే పక్కన ఇంకొకరు కూర్చుని రాస్తారు. తల్లి ఆ ఉత్తరాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అందరూ ఆ పిల్లకి మేలే చేస్తున్నారు.

చిక్కంతా ఆ పిల్ల నోటితో. మేడమ్ పేరు అడిగితే తల్లి చెప్పింది. వయసు అడిగితే తల్లే చెప్పింది. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా దీని గొంతు వినపడక పక్కపిల్ల పలుకుతుందని, అయినా క్లాసులో రెండో ర్యాంకు అని చెప్పి నవ్వింది. డిల్లేశ్వరి తల వంచుకుని నన్నే చూస్తోంది. అప్పుడు దాని పెదాలు కదిలాయి. "నేనే రాసుకుంటానండీ" అంది. దాని నోటికి జానెడు దూరంలో ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. మేడమ్‌కి వినపడలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చుని మూడు గంటలు జవాబులు పైకి చెప్పడం ఆ పిల్ల వల్ల కాదు. తెలిసిన జవాబులు కూడా గొంతులోనే ఉండిపోతాయి. మేడమ్ నింపే కాగితంలో నలభై గళ్ళున్నాయి. నీకేం కావాలి అనే గడి మాత్రం లేదు.

ఆ గది లెక్క ఏమిటంటే ముప్పై సెకన్లు దాటితే స్క్రైబ్‌కి రాసిస్తారు. మూడు మంగళవారాలు చూసి తేలుస్తారు. మొదటి మంగళవారం నలభై నాలుగు. ఎనిమిది పుల్లలూ చకచకా దిగాయి. తొమ్మిదోది సగంలో నిలబడిపోయింది. తీసేటప్పుడు మళ్ళీ అదే. కుట్లు పడిన వేళ్ళు దాన్ని పట్టి లాగుతుంటే నా ఒళ్ళంతా కదిలింది. వదులు, వదులు అని నా కన్నానికి నేనే చెప్పుకున్నాను. రెండో మంగళవారం నలభై ఒకటి. ఆ రోజు మేడమ్ అంకె రాసుకుంటుంటే డిల్లేశ్వరి పుల్లల్ని ఒక్కొక్కటిగా ఎడం అరచేతిలో వేసి దొర్లించింది. తొమ్మిదోదాని దగ్గర ఆగింది. మళ్ళీ దొర్లించింది. మేడమ్ వైపు చూసింది, తల్లి వైపు చూసింది. ఏమీ అనకుండా గిన్నెలో వేసేసింది.

ఆ పిల్లకి తెలిసిపోయింది. ఆరేళ్ళలో నా అబద్ధాన్ని పసిగట్టిన మొదటి మనిషి దొరికింది, ఆ మనిషికీ నాకులాగే నోరు లేదు. ఆ వారమంతా పెట్టెలో చీకట్లో నాకు ఇదే ఆలోచన.

మూడో మంగళవారం కూడా ముసురు పట్టింది. మేడమ్ అవే మాటలు చెప్పి స్టాప్‌వాచ్ నొక్కింది. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది పుల్లలూ ఎప్పటికంటే త్వరగా దిగాయి. డిల్లేశ్వరి తొమ్మిదోది పట్టుకుంది. కన్నంలో పెట్టలేదు. పెట్టినవాటిలోంచి ఒకదాన్ని తీసి, రెండింటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది.

"మధ్యలో ఆపకూడదమ్మా" అంది మేడమ్.

పిల్ల నోరు తెరిచింది. గొంతు రాలేదు.

"దానికి బయమండి" అంది అప్పలకొండ. "ఇంటికాడా అంతే. ఏటడిగినా తలూపుద్ది. స్క్రైబుకి రాసిచ్చీండి మేడమ్ గారూ, దాన్ని ఇంకా ఏడిపించడం ఎందుకు?"

మేడమ్ కలం తీసింది. అప్పుడు డిల్లేశ్వరి చెయ్యి చాపింది. ఆ కలం ఇమ్మని. ఇన్నాళ్ళలో ఆ పిల్ల అడిగిన మొదటి వస్తువు అది. మేడమ్ ఇచ్చింది. నా అంకెలు రాసే కాగితాన్ని వెనక్కి తిప్పి, కుడి చేత్తోనే, చూపుడువేలు వంగకపోతే బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య కలం ఇరికించి, రాయడం మొదలుపెట్టింది. కలం గీతలు నాకు బల్ల గుండా తెలుస్తున్నాయి. చివర్లో చెయ్యి నొప్పెట్టిందేమో, ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంది.

మేడమ్ ఆ కాగితాన్ని పైకే చదివింది.

"మేడమ్ గారికి. ఈ పుల్ల మిగతా ఎనిమిదింటి కంటే లావుగా ఉంది. నా చెయ్యి దీని దగ్గరే ఆగుతోంది. కావాలంటే మీరు పెట్టి చూడండి. పరీక్షలు నేనే రాసుకుంటాను."

రూతు మేడమ్ తొమ్మిదో పుల్ల తీసి నాలో పెట్టింది. అది సగంలో ఆగింది. నొక్కింది. లాగింది. ఏ దెబ్బా తగలని ఆమె వేళ్ళు ఎర్రబడ్డాయి. తలుపు దగ్గర నిలబడ్డ కూర్మారావు కండువా చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే సేసినానమ్మా" అన్నాడు. "ఒకటి తూములోకి పోనాది. మీకు మాటొస్తాదని సెప్పలేదు."

"ఎప్పుడు?"

"ఆరేళ్ళవుతాది."

ఆమె కోప్పడలేదు. ఆరేళ్ళు అని ఒకసారి తనలో తాను అనుకుంది. తర్వాత బల్ల మీద చూసింది. స్టాప్‌వాచ్ ఆపడం మరిచిపోయింది. అది ఇంకా నడుస్తూనే ఉంది. మూడు నిమిషాల చిల్లర. అందులోనే నాలుగు వాక్యాలు. అక్షరాలు అటూ ఇటూ ఒరిగాయి కానీ ఒక్కటీ కొట్టివేయలేదు.

"నువ్వు రాయగలవా లేదా అని మూడు వారాలు పుల్లలు పెట్టించాను" అంది మెల్లగా. "ఒక్కసారి రాయమనలేదు, చూడు."

ఆ మాట అట్టముక్క మీద లేదు. ఇన్నేళ్ళలో నా ముందు ఆమె మనసులోంచి అన్న మొదటి మాట అది.

స్క్రైబ్ అక్కర్లేదు, రాయడానికి అదనంగా గంట టైం ఇస్తే చాలు అని రాసి, డిల్లేశ్వరి రాసిన కాగితాన్ని దానికి జతచేసింది. అప్పలకొండకి సంతోషించాలో భయపడాలో తెలియలేదు. బయటికి వెళ్తూ, నోరు లేదనుకుంటే ఎంత పని చేశావే అని కూతురి జడ మెల్లగా లాగింది.

నా సంగతి అక్కడితో తేలిపోయింది. సరిగ్గా లేని కొలత కొలత కాదు. రూతు మేడమ్ ఆరేళ్ళ ఫైళ్ళు దింపి, వానాకాలపు అంకెల పక్కన ఎర్ర సిరాతో గుర్తులు పెట్టింది. మళ్ళీ రమ్మని ఉత్తరాలు రాసింది. కొందరు వచ్చారు. వాళ్ళకి వేరే ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చిన పలకతో పరీక్ష చేసింది. రానివాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని బల్ల అద్దం కింద పెట్టుకుంది. వాళ్ళందరి చేతులూ నాకు గుర్తే. ఎవరి బతుకులో నా అంకె ఏ తలుపు మూసిందో నాకు తెలియదు.

నన్ను పెట్టెలో పెట్టి, మీద వాడరాదు అని చీటీ అంటించి, బీరువా అడుగు అరలో నిలువుగా దూర్చారు. సర్దింది కూర్మారావే. ఏం తోచిందో, తొమ్మిదో పుల్లని మళ్ళీ నాలోకి నొక్కేశాడు. ఆ వానలకి అది నాలో బిగుసుకుపోయింది. బీరువాకి తాళం. నాలో అది, పెట్టెలో నేను.

వేసవిలో ఒకరోజు రూతు మేడమ్ ఎవరికో ఉత్తరం చదివి వినిపిస్తుంటే రేకు తలుపు గుండా విన్నాను. డిల్లేశ్వరి రాసింది. సోషల్ పరీక్షలో చివరి ప్రశ్నకి టైం చాలలేదట. మిగతావన్నీ తనే రాసుకుందట. చెయ్యి రెండు రోజులు వాచిందట, ఇప్పుడు తగ్గిందట. ఉత్తరం నాలుగు పేజీలు. అంత మాట్లాడే పిల్లని నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం బీరువా పెనంలా కాలింది. నాలో ఏదో సన్నగా సడలినట్టు అనిపించింది. కాసేపటికి తొమ్మిదో పుల్ల తనంతట తానే జారి, పెట్టె అడుగున టక్‌మని పడింది. ఎవరూ లాగలేదు. అది బయటికి రావడానికి ఆరు నెలలు పట్టింది. ఎదురుగా స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరూ లేరు.