నడిమి కాయ

ఆ మధ్యాహ్నం కొబ్బరికాయల వ్యాపారి కామరాజు చేతిలో ఉన్న సరుకు ఇదీ: రాజోలులోని ఇంటి వసారా నిండా కొబ్బరి, కూతురు ప్రశాంతి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కెమెరా, దాని లెన్సు మీద ఇంటిల్లిపాదికీ పుట్టిన అనుమానం. తెల్లారితే సఖినేటిపల్లిలో పెళ్లి. ఫొటోలు తీయడానికి ప్రశాంతికి కుదిరిన మొదటి బేరం అదే.

“నా జుంకీలో రాళ్లు లెక్కెట్టుకోవచ్చు. మొహం మాత్రం ఎవరిదో తెలీట్లేదు,” అంది తల్లి సత్యనారాయణమ్మ, కూతురు తీసిన ఫొటో చూసి.

“కళ్ల మీదే గురి పెట్టేనమ్మా. చెవి దగ్గర పడుతోంది. రేపు పెళ్లికూతురికీ ఇలాగే వస్తే ఇంకెవరూ పిలవరు. రానని ఇప్పుడే చెప్పేస్తాను,” అంది ప్రశాంతి.

“తూచేవాడు తప్పో, కాటా తప్పో తేలకుండా బేరం వదులుకుంటారేంటమ్మా? అసలది గురెలా చూస్తుందో చెప్పు,” అన్నాడు కామరాజు.

ప్రశాంతి చెప్పింది. లెన్సులోంచి వచ్చే వెలుతురులో కొంత, కెమెరా లోపలి అద్దాన్ని దాటి, దాని వెనకున్న చిన్న అద్దానికి తగిలి కిందికి దిగుతుంది. అక్కడ రెండు పాయలవుతుంది. ఆ పాయల్లోని బొమ్మలను కెమెరా పోల్చి చూస్తుంది. వాటి మధ్య ఎడం సరిపోతే గురి కుదిరినట్టు. లేకపోతే ఆ తేడాను బట్టి లెన్సును ఎటు, ఎంత తిప్పాలో తేలుతుంది. ఫొటో పడేది మాత్రం అక్కడ కాదు. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తే, వెనకున్న పలక మీద.

“అంటే తూకం ఒకచోట, సరుకు దించేది ఇంకోచోట. ఆ రెండు దూరాలకీ వెంట్రుకవాసి తేడా వస్తే?”

“అమ్మ జుంకీ వస్తుంది.”

ఎప్పుడూ ఒకేలా తప్పే కాటాతో కామరాజుకు పేచీ లేదు, దాన్ని దిద్దుకోవచ్చు. పూటకో రకంగా తప్పేదే పనికిరాదు. ఇది ఏ రకమో తేల్చడానికి అరుగు మీద బొండాలను ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి పేర్చి, నడిమి దానికి గురి పెట్టమన్నాడు. లెన్సు ముందుకీ వెనక్కీ గిర్రున తిరిగింది తప్ప ఎక్కడా ఆగలేదు.

“మరీ నున్నగా ఉన్నాయి నాన్నా. పోల్చుకోడానికి దానికో గీతో మరకో కావాలి.”

“ముందే చెప్పొద్దూ,” అంటూ బొండాలు తీసేసి, పిలకలున్న ఒలిచిన కాయలు పెట్టాడు. లెన్సు ఇట్టే ఆగింది. ఫొటోలో నడిమి కాయ మసక. దాని వెనక కాయ పీచు పోగుపోగుగా కనిపించింది. లెన్సును చివరిదాకా తిప్పేయించి, మళ్లీ నడిమి దానికే గురి పెట్టించి తీయించాడు. మళ్లీ అదే.

“తప్పులో కూడా మాట తప్పట్లేదు. మంచి కాటాయే. దిద్దుకోడానికేమైనా ఇచ్చేరా?”

ఇచ్చారు, మెనూలో ఎక్కడో అడుగున. ప్రశాంతి గురిని మెట్టు మెట్టుగా ముందుకు లాగుతూ తీసింది. నడిమి కాయ పీచు తేలింది. ఆ తర్వాత తల్లిని కూర్చోబెట్టి తీస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా వచ్చాయి.

“ముడతలూ వచ్చాయి. చెవులే నయం,” అంది సత్యనారాయణమ్మ.

సాయంత్రం కామరాజు లెక్క చూసుకున్నాడు. రాబడి: లెన్సు నిలిచింది, బేరం నిలిచింది, కూతురు రేపటి పెళ్లికి బ్యాగు సర్దుకుంటోంది. ఖర్చు: పరీక్ష తప్పిన బొండాం ఒకటి. దాన్ని తనే కొట్టుకుని తాగేశాడు.