ముందు కారు, వెనక కాళ్లు

నేను ఒక మరబొమ్మను. నిలబెడితే మనిషిని, మడతపెడితే కారును. పుట్టింది జపాన్‌లో. పుట్టినప్పుడు మాత్రం రెండూ కాదు; కాళ్లొకచోట, తలొకచోట ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని అట్టపెట్టెలో పడుకున్నాను. ఆ అవతారంలోనే తెనాలి వచ్చి, లెక్కల మాస్టారు పానకాలరావుగారి చేతిలో పడ్డాను.

ఆయనకు రెండే వ్యసనాలు: నాలాంటి బొమ్మలను కూర్చడం, కనపడినదానికల్లా మార్కులు వేయడం. భార్య నాంచారమ్మగారి పప్పుచారుకు కూడా మార్కులుండేవి. ఊళ్లోని బొమ్మల సంఘంలో పరీక్షకుడు ఆయనే. "కీలు తిరగకపోతే సున్నా" అంటూ ఎంతమంది ఉసురు పోసుకున్నారో! వేసిన మార్కు మార్చడమన్నది ఆయన ఇంటా వంటా లేదు. ఈసారి విజయదశమి సభలో తన సొంత బొమ్మనే అందరిముందూ కారుగా మార్చి చూపిస్తానని మాటిచ్చారు. తేడా వస్తే సంఘమంతా పండగ చేసుకుంటుంది.

పాపం, నన్ను కంటికి రెప్పలా చూసుకున్నారు. ఒక్కో ముక్కనూ కత్తిరించి, అంచులు నున్నగా రుద్ది బిగించారు. నా నడుము కీలు తిప్పి ఆయన మురిసిపోతుంటే నాకు సిగ్గేసింది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మాస్టారు స్నానానికి వెళ్లగానే, నాంచారమ్మగారు స్కూటరుకు పసుపు రాసి నా దగ్గరికొచ్చారు. "కారవుద్దన్నారుగా, బండన్నాక బొట్టుండొద్దూ?" అని తనలో తాను అనుకుని, కుంకుమైతే రాలిపోతుందని సీసాలో తిలకం తీసి నా నడుముకు ఇంత బొట్టు పెట్టారు. పాదాల దగ్గర నిమ్మకాయ కూడా పెట్టారు. అది నా తలకంటే పెద్దది. తిలకం చల్లగా కీలులోకి దిగింది. అరుద్దామంటే నాకు నోరు పెట్టలేదు జపాన్‌వాళ్లు.

పూజలో పెట్టిన వస్తువును కదపకూడదు కదా, మాస్టారు కూడా తిప్పి చూడలేదు. మర్నాడు పూజగదిలోంచి తిన్నగా సభకే తీసుకెళ్లారు.

ఛాతీ ముడుచుకుని బానెట్ అయింది. చేతులు తలుపులయ్యాయి. నడుము మాత్రం బిగుసుకుపోయింది. ఆయన చెమటలు కక్కుతూ తిప్పారు. నేనూ శాయశక్తులా ప్రయత్నించాను. ముందు కారు, వెనక రెండు కాళ్లు.

"పెట్రోలు అయిపోతే నడిచిపోద్దా మాస్టారూ?" అన్నాడొకాయన. హాలంతా గొల్లుమంది.

మాస్టారు నన్ను బల్లమీద పెట్టారు. ముఖం వాడిపోయింది. "కీలు తిరగలేదు. సున్నా" అన్నారు. నా గుండె, అంటే ఆ బానెట్, జారిపోయింది.

వెనక వరసలో నాంచారమ్మగారు లేచారు. "సున్నా ఏందండీ? కళ్లు పోయేట్టు కూర్చుకుంటిరి! తిలకం దిగి బిగుసుకుపోయుంటది. పెట్టింది నేను. ఆ సున్నా నాకెయ్యండి." ఈసారి ఎవరూ నవ్వలేదు.

మాస్టారు ఆమెను చూశారు. నా నడుమును చూశారు. ఏదో లెక్క తేలనట్టు తల గోక్కున్నారు.

"బొమ్మకు సున్నానే. బొట్టుకు పదికి పది."

ఇప్పుడు అద్దాల అలమారలో ఉంటున్నాను. తిలకం గీకేస్తే తిరుగుతానని ఆయనకు తెలుసు, గీకరు. నేనూ అడగను. బొట్టున్నది నా నడుము మీద కనుక ఆ పదీ నావేనని పక్క బొమ్మలకు చెప్పుకుని తిరుగుదామంటే, ఎటొచ్చీ కాళ్లొకవైపు, చక్రాలొకవైపు లాగుతున్నాయి.